పెట్రోల్ వాహనాల్లో డీజిల్ ఇంజన్ నూనె వినియోగం: ఇల్లందు నేపథ్యంలో శాస్త్రీయ పరిశీలన

వ్యాససంగ్రహం

బొగ్గు గనుల పట్టణమైన ఇల్లందులో భారీ డీజిల్ యంత్రాలూ, చిన్న పెట్రోల్ వాహనాలూ పక్కపక్కనే నడుస్తాయి. డీజిల్ ఇంజన్ కోసం తయారైన నూనెను పెట్రోల్ వాహనంలో పోయవచ్చునా అన్న సందేహం ఇటువంటి చోట కలగడం సహజం. ఈ వ్యాసం ఆ సందేహాన్ని నూనెలోని రసాయనాలు, ప్రమాణాలు, స్నిగ్ధత, వాహనం నిర్మాణం అనే నాలుగు కోణాల నుంచి పరిశీలిస్తుంది. "పోయవచ్చు", "పోయకూడదు" అన్న ఏకవాక్య సమాధానం ఈ ప్రశ్నకు సరిపోదనీ, వాహనాన్ని బట్టి, డబ్బాపై ముద్రించిన ప్రమాణాన్ని బట్టి సమాధానం మారుతుందనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఇల్లందు, సింగరేణి, ఇంజన్ నూనె, కందెన, స్నిగ్ధత, ప్రక్షాళకాలు, ఫాస్ఫరస్, ఉత్ప్రేరక పరికరం, తడి క్లచ్.

1. ఉపోద్ఘాతం

వాహనం కలిగిన ప్రతి కుటుంబానికీ ఇంజన్ నూనె మార్చడం తప్పని ఖర్చు. ఆటో నడిపి జీవించేవారికి అది కుటుంబ వ్యయంలో ఒక భాగం. అలాంటప్పుడు లారీ కోసం పెద్ద డబ్బాలో కొన్న నూనె కొంత మిగిలి ఉంటే, దానిని ఇంట్లోని మోటారు సైకిల్‌కో ఆటోకో వాడుకోవాలనే ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. "లారీని లక్షల కిలోమీటర్లు నడిపించే నూనె బండిని నడిపించదా?" అన్న తర్కం పైకి బలమైనదిగానే కనిపిస్తుంది. దీనికి ఎదురుగా "డీజిల్ నూనె పోస్తే పెట్రోల్ ఇంజన్ పాడైపోతుంది" అన్న అభిప్రాయం కూడా అంతే బలంగా ప్రచారంలో ఉంది.

ఈ రెండు అభిప్రాయాల్లోనూ కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నాయి. ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోకపోతే నష్టపోయేది వాహన యజమానే. ఒక లీటరు నూనెపై మిగిలే సొమ్ము కొద్దిపాటిది. ఇంజన్ దించి బోరు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు దానికి అనేక రెట్లు. ఆ పని జరిగే రోజుల్లో ఆటో సంపాదన కూడా ఆగిపోతుంది. కనుక ఈ విషయాన్ని సాంకేతికంగా, క్రమబద్ధంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. ఇల్లందు: బొగ్గు నుంచి డీజిల్ వరకు

ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవులకూ నడుమ ఉన్న ఇల్లందు, దక్షిణ భారతదేశపు బొగ్గు పరిశ్రమకు పుట్టినిల్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఈ ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇక్కడ బొగ్గు ఉత్పత్తి మొదలైంది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే తరువాతి కాలంలో సంస్థకు పేరైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఊరికి గల 'బొగ్గుట్ట' అనే పాత పేరు కూడా ఈ చరిత్రనే గుర్తు చేస్తుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది.

తొలినాటి గనులు భూగర్భ గనులు. నేడు ఇల్లందు ప్రాంతంలో జె.కె., కోయగూడెం వంటి ఉపరితల గనులదే ప్రాధాన్యం. భూగర్భ గని మనిషి శ్రమ మీద, విద్యుత్తు మీద ఎక్కువగా ఆధారపడితే, ఉపరితల గని డంపర్లు, డోజర్లు, బొగ్గు లారీల మీద ఆధారపడుతుంది. అంటే బొగ్గును వెలికితీసే పనిలోనే డీజిల్ ఇంజన్ కేంద్రస్థానానికి వచ్చింది. అందువల్ల ఈ ప్రాంతపు మెకానిక్‌లకు, డ్రైవర్లకు డీజిల్ ఇంజన్ నూనె బాగా పరిచితమైన వస్తువు. ఇదే ఊరి వీధుల్లో మోటారు సైకిళ్లు, స్కూటర్లు, పెట్రోల్ ఆటోలు, కార్లు తిరుగుతాయి. ప్రస్తుత చర్చకు ఇల్లందును నేపథ్యంగా తీసుకోవడానికి కారణం ఇదే.

3. కందెన నుంచి ఇంజన్ నూనె వరకు

తెలుగులో 'కందెన' అన్న మాట మోటారు వాహనాల కంటే పాతది. ఎడ్లబండి ఇరుసుకు వేసే జిడ్డు పదార్థమే కందెన. ఆముదం తెలుగు నేలకు చిరపరిచితమైన జిడ్డు నూనె. ఆధునిక ఇంజన్ నూనెల చరిత్రలోనూ ఆముదానికి స్థానం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదాన్నే వాడారు. 1909లో పుట్టిన 'క్యాస్ట్రాల్' అనే వాణిజ్య నామం ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచే వచ్చింది.

బండి ఇరుసులో కందెన చేసే పని ఒక్కటే: రాపిడిని తగ్గించడం. ఇంజన్ నూనె చేయవలసిన పనులు అనేకం. అది రాపిడిని తగ్గించాలి, పిస్టన్ వేడిని మోసుకుపోవాలి, రింగులకూ బోరుకూ మధ్య సందును మూసి ఉంచాలి, మసిని తనలో కలుపుకోవాలి, ఆమ్లాలను తటస్థం చేయాలి, తుప్పును అడ్డుకోవాలి. ఇవన్నీ మూల తైలం ఒక్కదానితో సాధ్యం కావు. అందుకే మూల తైలానికి ప్రక్షాళకాలు, మసిని విడదీసి ఉంచే రసాయనాలు, అరుగుదలను నిరోధించే రసాయనాలు, ఆక్సీకరణాన్ని ఆపేవి, స్నిగ్ధతను నిలిపేవి కలుపుతారు. డీజిల్ నూనెకూ పెట్రోల్ నూనెకూ గల ప్రధాన భేదం మూల తైలంలో కాక ఈ చేర్పుల పాళ్లలో ఉంటుంది.

ఇక్కడ ఒక చారిత్రక విషయం గమనించదగినది. 1930ల దశకంలో కాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు జిడ్డు పేరుకొని బిగుసుకుపోయేవి. ఆ సమస్యకు పరిష్కారంగానే ప్రక్షాళకాలు కలిపిన నూనెలు రూపొందాయి. తరువాత అవి పెట్రోల్ ఇంజన్ నూనెల్లోకీ ప్రవేశించాయి. నేటి పెట్రోల్ ఇంజన్ నూనెకు శుభ్రపరిచే గుణం ఆ విధంగా డీజిల్ నూనె నుంచి సంక్రమించిందే. కాబట్టి ఈ రెండింటినీ పరస్పర విరుద్ధమైన పదార్థాలుగా భావించడం సరికాదు. ఇవి ఒకే కుటుంబానికి చెంది, వేర్వేరు అవసరాలకు అనుగుణంగా మారినవి.

4. రెండు ఇంజన్లు, రెండు విధాల మాలిన్యం

పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం, గాలి ముందుగా కలుస్తాయి. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ ఆ మిశ్రమాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని మాత్రమే అధిక పీడనానికి గురిచేస్తారు. దానివల్ల వేడెక్కిన గాలిలోకి చిమ్మిన డీజిల్ తనంత తానే మండుతుంది. గాలితో పూర్తిగా కలవకముందే మండే ఇంధన బిందువుల వల్ల మసి ఏర్పడుతుంది. ఆ మసిలో కొంత పిస్టన్ రింగులను దాటి నూనెలో చేరుతుంది. డీజిల్ ఇంజన్ నూనె త్వరగా నల్లబడటానికి కారణం ఇదే.

మసి రేణువులు ఒకదానికొకటి అతుక్కొని ముద్దలైతే నూనె చిక్కబడుతుంది, లోహభాగాలు అరుగుతాయి. అందుకే డీజిల్ నూనెలో మసిని విడివిడిగా తేలియాడేలా ఉంచే రసాయనాలను ఎక్కువగా కలుపుతారు.

పెట్రోల్ ఇంజన్ సమస్యలు వేరు. ఇంటి నుంచి బజారు వరకు వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. దానివల్ల నీటి ఆవిరి, మండని పెట్రోల్ నూనెలో చేరి, కాలక్రమంలో బురద వంటి మడ్డి ఏర్పడుతుంది. పెట్రోల్‌లో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరిన నేటి పరిస్థితిలో తేమ విషయం మరింత శ్రద్ధగా చూడవలసినది, ఎందుకంటే ఇథనాల్‌కు నీటిని ఆకర్షించే గుణం ఉంది. పెట్రోల్ ఇంజన్ నూనెలను ఈ మడ్డి విషయంలో ప్రత్యేకంగా పరీక్షిస్తారు. పెట్రోల్ వర్గపు పరీక్షల్లో ఒకటి మడ్డికి, ఒకటి వాల్వుల వ్యవస్థ అరుగుదలకు, ఒకటి ఇంధన పొదుపుకు, ఒకటి టైమింగ్ చైన్ అరుగుదలకు సంబంధించినవి. డీజిల్ వర్గపు పరీక్షలు ప్రధానంగా మసి, పిస్టన్‌పై పేరుకునే మడ్డు, భారీ భారంలో అరుగుదల అనే అంశాల చుట్టూ ఉంటాయి.

దీని నుంచి ఒక ముఖ్యమైన నిర్ధారణ చేయవచ్చు. కేవలం డీజిల్ ప్రమాణం ఉన్న నూనె పెట్రోల్ ఇంజన్‌కు 'చెడ్డది' అని చెప్పడానికి ఆధారం లేదు; అది ఆ ఇంజన్ కోసం 'పరీక్షింపబడలేదు' అని మాత్రమే చెప్పగలం. ఈ రెండు మాటల మధ్య భేదాన్ని గుర్తించకపోవడమే అపోహలకు మూలం.

5. నూనెలోని రసాయనాలు – వాటి పరిణామాలు

5.1 క్షార నిల్వ

ఇంధనంలోని గంధకం మండి ఆమ్లంగా మారుతుంది. దాన్ని తటస్థం చేయడానికి నూనెలో క్షార గుణం గల కాల్షియం, మెగ్నీషియం సమ్మేళనాలు కలుపుతారు. ఈ నిల్వను సూచించే కొలతే మొత్తం క్షారసంఖ్య. సాధారణంగా డీజిల్ నూనెల్లో ఇది పెట్రోల్ నూనెల కంటే ఎక్కువ.

ఇంత క్షార నిల్వ అవసరం కావడానికి గంధకం ఎక్కువగా ఉన్న పాత డీజిల్ ప్రధాన కారణం. భారత్ స్టేజ్-3 డీజిల్‌లో గంధకం పరిమితి పది లక్షల భాగాల్లో 350 భాగాలు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-4లో అది 50. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6లో అది 10. అంటే ఒక కిలో డీజిల్‌తో ఇంజన్‌లోకి వెళ్లగల గంధకం 0.35 గ్రాముల నుంచి 0.01 గ్రాముకు, అనగా ముప్పై అయిదో వంతుకు తగ్గింది. పెట్రోల్‌కూ నేడు ఇదే 10 భాగాల పరిమితి వర్తిస్తుంది. కనుక "డీజిల్ నూనెలో క్షారం ఎక్కువ, అందువల్ల పెట్రోల్ ఇంజన్‌కు అదనపు రక్షణ" అన్న వాదనకు పూర్వమున్న బలం ఇప్పుడు లేదు.

5.2 జింకు, ఫాస్ఫరస్

కామ్ షాఫ్ట్, ట్యాపెట్ వంటి భాగాలు తీవ్ర ఒత్తిడితో ఒరుసుకునే చోట నూనె పొర నిలవదు. అక్కడ జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఒక సమ్మేళనం లోహం మీద రక్షక పొరను ఏర్పరుస్తుంది. అరుగుదల నిరోధానికి దశాబ్దాలుగా ప్రధానంగా వాడుతున్నది దీనినే.

అయితే నూనె కొద్దికొద్దిగా మండి పొగగొట్టం వైపు పోయినప్పుడు అందులోని ఫాస్ఫరస్ ఉత్ప్రేరక పరికరం మీద పేరుకుంటుంది. విషవాయువులను హానిలేని వాయువులుగా మార్చే ఆ పరికరపు శక్తి క్రమంగా తగ్గుతుంది. అందుకే పెట్రోల్ వర్గపు నేటి ప్రమాణాలు 20, 30 గ్రేడుల పలుచని నూనెల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశాయి. డీజిల్ వర్గంలో సీజే-4, సీకే-4 ప్రమాణాలు 0.12 శాతం వరకు అనుమతిస్తాయి. వాటికంటే పాతదైన సీఐ-4లో అటువంటి పరిమితే లేదు.

ఈ భేదాన్ని ఒక లెక్క ద్వారా చూద్దాం. లీటరు నూనె బరువు సుమారు 870 గ్రాములు. 0.08 శాతం చొప్పున అందులోని ఫాస్ఫరస్ సుమారు 0.70 గ్రాము, 0.12 శాతం చొప్పున సుమారు 1.04 గ్రాములు. లీటరు నూనె మండితే ఉత్ప్రేరకం వైపు వెళ్లగల ఫాస్ఫరస్ సగం మేర పెరుగుతుందన్నమాట. నూనె తాగని కొత్త ఇంజన్‌లో ఈ భేదం నెమ్మదిగా ప్రభావం చూపుతుంది. రింగులు అరిగి నూనె తాగే ఇంజన్‌లో త్వరగా చూపుతుంది. "పాత బండే కదా, ఏ నూనెైనా ఫరవాలేదు" అన్న అభిప్రాయం, ఉత్ప్రేరక పరికరం ఉన్న వాహనాల విషయంలో వాస్తవానికి సరిగ్గా వ్యతిరేకం.

5.3 బూడిద

కాల్షియం, మెగ్నీషియం, జింకు లోహాలు కావడం వల్ల నూనె మండినా అవి బూడిదగా మిగులుతాయి. ఈ బూడిద వాల్వుల మీద, పిస్టన్ తల మీద, స్పార్క్ ప్లగ్ మీద పేరుకుంటుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజన్లలో అది నిప్పుకణికలా వేడెక్కి, నిప్పురవ్వ కంటే ముందుగానే ఇంధనాన్ని మండించవచ్చు. సీజే-4 నుంచి డీజిల్ వర్గంలోనూ బూడిదను 1.0 శాతానికి పరిమితం చేశారు. దీనికి కారణం పెట్రోల్ వాహనాల మీద శ్రద్ధ కాదు. కొత్త డీజిల్ వాహనాల పొగగొట్టాల్లోని మసి వడపోత పరికరాలు బూడిదతో పూడుకుపోకుండా ఉండటం. అయినా దానివల్ల కొత్త డీజిల్ నూనెలు, పెట్రోల్ నూనెలు ఈ విషయంలో పరస్పరం దగ్గరయ్యాయి.

6. డబ్బాపై రాత – ప్రమాణాల పఠనం

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 1947లో చేసిన తొలి వర్గీకరణలో రెగ్యులర్, ప్రీమియం, హెవీ డ్యూటీ అనే మూడు తరగతులే ఉన్నాయి. అంటే తొలి విభజనకు ఆధారం ఇంధనం కాదు, పని తీవ్రత. పెట్రోల్ ఇంజన్లకు 'ఎస్', డీజిల్ ఇంజన్లకు 'సి' అనే అక్షరాలతో నేటి పద్ధతి 1970 ప్రాంతంలో స్థిరపడింది. ఆ తరువాత వచ్చే అక్షరం ప్రమాణపు కాలాన్ని తెలుపుతుంది. పెట్రోల్ వర్గంలో 2001 నాటి ఎస్ఎల్, 2004 నాటి ఎస్ఎం, 2010 నాటి ఎస్ఎన్, 2020 నాటి ఎస్‌పీ వరుసగా వచ్చాయి. డీజిల్ వర్గంలో 1998 నాటి సీహెచ్-4, 2002 నాటి సీఐ-4, 2006 నాటి సీజే-4, 2016 నాటి సీకే-4 వచ్చాయి.

వాహన యజమాని గమనించవలసిన కీలకం ఇక్కడే ఉంది. అనేక డీజిల్ నూనెల డబ్బాలపై 'సీఐ-4/ఎస్ఎల్' వంటి జంట గుర్తులు ఉంటాయి. గీతకు ముందున్నది ఆ నూనె ప్రధాన ప్రయోజనాన్ని, తరువాత ఉన్నది అది నెరవేర్చే రెండో ప్రమాణాన్ని తెలుపుతాయి. పై ఉదాహరణలోని నూనె, ఎస్ఎల్ లేదా అంతకు ముందటి ప్రమాణం కోరే పెట్రోల్ ఇంజన్‌కు ఆమోదయోగ్యమే. ఎస్ఎన్ లేదా ఎస్‌పీ కోరే ఇంజన్‌కు కాదు. డబ్బాపై 'సి' వర్గం మాత్రమే ఉంటే పెట్రోల్ ఇంజన్‌కు తయారీదారు ఎటువంటి హామీ ఇవ్వలేదని అర్థం.

యూరోపు వర్గీకరణలో పెట్రోల్ కార్లకూ తేలికపాటి డీజిల్ కార్లకూ కలిపి ఒకే తరగతి ఉంది. భారీ డీజిల్ వాహనాలకు వేరే తరగతి ఉంది. అసలు భేదం ఇంధనంలో కంటే ఇంజన్ పరిమాణం, భారం, పొగను శుద్ధి చేసే పరికరాలలో ఎక్కువగా ఉందని ఈ విభజన కూడా సూచిస్తుంది.

7. స్నిగ్ధత – స్థానిక వాతావరణం

డబ్బాపై '15డబ్ల్యు-40' అన్న గుర్తులో మొదటి సంఖ్య చలిలో నూనె ప్రవహించే తీరును, రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. 40 గ్రేడు నూనె 100 డిగ్రీల వద్ద 12.5 నుంచి 16.3 లోపు ప్రమాణాల స్నిగ్ధత కలిగి ఉండాలి; 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 20 గ్రేడు 6.9 నుంచి 9.3 లోపు. 15డబ్ల్యు తరగతిని సున్నాకు దిగువన 20 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు.

వేసవిలో 45 డిగ్రీల ఎండను చూసే ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతంలో చలిలో ఇంజన్ మొరాయించడం సమస్య కాదు. కనుక 15డబ్ల్యు నూనె తెల్లవారుజామున స్టార్టింగ్‌కు ఇబ్బంది కలిగించదు. అసలు ప్రశ్న రెండో సంఖ్యకు సంబంధించినది. 40 గ్రేడు కోరే పాత ఇంజన్‌కు 15డబ్ల్యు-40 చక్కగా అమరుతుంది. 20 లేదా 30 గ్రేడు కోరే నేటి ఇంజన్‌లో అదే నూనె పోస్తే, సన్నని నూనె దారుల్లో ప్రవాహం నెమ్మదిస్తుంది, ఇంధనం కొంత ఎక్కువ ఖర్చవుతుంది, నూనె పీడనంతో పనిచేసే వాల్వు టైమింగ్ వ్యవస్థ మందగించవచ్చు. "చిక్కని నూనె మంచి నూనె" అన్న నమ్మకం బండి ఇరుసు కాలానికి సరిపోయింది. నేటి ఇంజన్‌కు నిర్దేశించిన చిక్కదనమే మంచిది.

8. వాహనాన్ని బట్టి ఫలితం

8.1 పాత పెట్రోల్ కార్లు, జీపులు: 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ వంటి కార్ల పాత పెట్రోల్ ఇంజన్లలో ట్యాపెట్ కామ్ మీద నేరుగా ఒరుసుకుంటుంది. ఇటువంటి వాటికి ఫాస్ఫరస్ కొంత ఎక్కువగా ఉండటం మేలు. ఉత్ప్రేరక పరికరం లేని పాత నమూనాలకు జంట గుర్తు గల 15డబ్ల్యు-40 డీజిల్ నూనె మంచి ఎంపిక. పాత వాహనాలను భద్రపరచేవారు దీన్ని ఎంచుకోవడంలో శాస్త్రీయత ఉంది.

8.2 పెట్రోల్ ఆటోలు: డీజిల్ ఆటో, పెట్రోల్ ఆటో ఒకే అడ్డాలో నిలబడినా వాటి అవసరాలు వేరు. నాలుగు స్ట్రోకుల పెట్రోల్ ఆటోకు జంట గుర్తు గల నూనె, నిర్దేశిత గ్రేడులో ఉంటే, తాత్కాలికంగా హాని చేయదు. ఇంజన్, గేర్లు, క్లచ్ ఒకే నూనెలో మునిగి ఉండే నమూనా అయితే కింద చెప్పబోయే క్లచ్ నియమం దీనికీ వర్తిస్తుంది. పెట్రోల్‌లో నూనె కలిపి నడిపే పాత రెండు స్ట్రోకుల ఆటోలో మాత్రం డీజిల్ ఇంజన్ నూనె ఎట్టి పరిస్థితిలోనూ తగదు. అక్కడ పోసిన నూనె అంతా మండిపోవలసిందే. అందువల్ల బూడిద ప్లగ్ మీద, పొగ వెళ్లే దారిలో నేరుగా పేరుకుంటుంది.

8.3 మోటారు సైకిళ్లు: మన మోటారు సైకిళ్లలో సాధారణంగా ఇంజన్, గేరు పెట్టె, క్లచ్ ఒకే నూనెను పంచుకుంటాయి. నూనెలో తడిసిన క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే తగినంత రాపిడి అవసరం. ఇంధన పొదుపు కోసం రాపిడిని మరీ తగ్గించే చేర్పులున్న కారు నూనెలు వాడితే క్లచ్ జారుతుంది. దీనిని నియంత్రించేందుకు జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 'జాసో' తన టీ-903 ప్రమాణంలో ఎంఏ, ఎంఏ1, ఎంఏ2, ఎంబీ తరగతులను ఏర్పరచింది. తడి క్లచ్ ఉన్న వాహనాలకు ఎంఏ తరగతులు, లేనివాటికి ఎంబీ వర్తిస్తాయి.

భారీ డీజిల్ నూనెల్లో రాపిడిని తగ్గించే చేర్పులు సాధారణంగా ఉండవు. అందుకే వాటిని పోసిన అనేక మోటారు సైకిళ్లలో క్లచ్ జారదు. "పోశాం, ఏమీ కాలేదు" అన్న అనుభవాలకు ఇదే కారణం. కానీ ఆ నూనె క్లచ్ కోసం పరీక్షింపబడనంతవరకు ఆ అనుభవం అన్ని నూనెలకూ, అన్ని వాహనాలకూ హామీ కాదు. జాసో ప్రమాణం ఫాస్ఫరస్‌ను 0.08 నుంచి 0.12 శాతం మధ్య, బూడిదను 1.2 శాతం లోపు ఉండాలని నిర్దేశించింది. సీకే-4 పరిమితులు దీనికి దగ్గరగా ఉన్నా, పరిమితి లేని పాత తరగతి నూనెలు ఈ హద్దును దాటవచ్చు. కనుక డబ్బాపై జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు లేనప్పుడు మోటారు సైకిల్‌కు ఆ నూనెను వాడకపోవడమే ఉచితం.

8.4 గేరులేని స్కూటర్లు: వీటిలో క్లచ్ పొడిగా, బెల్టు వ్యవస్థలో భాగంగా ఉంటుంది. క్లచ్ జారే సమస్య లేదు. అయితే వీటి చిన్న ఇంజన్లకు పలుచని నూనె నిర్దేశిస్తారు. భారత్ స్టేజ్-6 స్కూటర్లకు ఉత్ప్రేరక పరికరం ఉంది. ఈ రెండు కారణాల వల్ల 15డబ్ల్యు-40 డీజిల్ నూనె వీటికి తగదు.

8.5 టర్బో పెట్రోల్ కార్లు: ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో పెట్రోల్ ఇంజన్లలో, తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు ఇంధనం నిప్పురవ్వకు ముందే మండే ప్రమాదం ఉంది. ఇటువంటి అకాల జ్వలనం తీవ్రమైతే పిస్టన్ పగలవచ్చు. నూనెలో కాల్షియం పాలు ఎక్కువైతే ఈ ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు నిర్ధారించాయి. అందుకే ఎస్‌పీ ప్రమాణంలో దీనికి ప్రత్యేక పరీక్షను చేర్చారు. కాల్షియం ప్రక్షాళకాలు దండిగా ఉన్న డీజిల్ నూనెను ఈ కార్లలో పోయడం నిజంగా ప్రమాదకరం.

9. ప్రచారంలో ఉన్న కొన్ని అభిప్రాయాలు

మొదటిది: "డీజిల్ నూనె ఇంజన్‌ను కడుగుతుంది." ప్రక్షాళకాలు కొత్త మడ్డి పేరుకోకుండా ఆపడంలో సమర్థమైనవి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే నూనె పంపు జల్లెడకు అడ్డుపడే అవకాశం ఉంది. మడ్డి పట్టిన ఇంజన్‌కు సరైన చికిత్స, నిర్దేశిత నూనెనే తక్కువ వ్యవధిలో మార్చడం.

రెండోది: "నల్లబడిన నూనె పాడైన నూనె." మసిని తనలో కలుపుకున్న నూనె నల్లబడటం, అది తన పని చేస్తున్నదనడానికి గుర్తు. నూనె మార్చే సమయాన్ని రంగును బట్టి కాక, కిలోమీటర్లు, కాలవ్యవధిని బట్టి నిర్ణయించాలి.

మూడోది: "డీజిల్‌లో పెట్రోల్ నూనె పోసినా ఒకటే." ఇది తలకిందులు తర్కం. మసిని మోయడానికి రూపొందని నూనె డీజిల్ ఇంజన్‌లో త్వరగా చిక్కబడుతుంది. పెట్రోల్ వాహనంలో డీజిల్ నూనె పోసే పొరపాటు కంటే దీని పర్యవసానం తీవ్రమైనది.

నాలుగోది: "మరిగిన నూనెను వడగట్టి మళ్లీ వాడవచ్చు." బట్టతో వడగడితే ఆమ్లాలు, సూక్ష్మమైన మసి, అరిగిన లోహకణాలు పోవు, ఖర్చైపోయిన చేర్పులు తిరిగి రావు. పైగా వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి పరిధిలోకి వచ్చే పదార్థం. దాన్ని వాగులో, నేలలో పారబోయకుండా శుద్ధిచేసే వారికి చేరేలా చూడటం, అడవినీ తాగునీటినీ నమ్ముకున్న ఈ ప్రాంతంలో మరింత అవసరం.

10. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది నిర్ధారణలు చేయవచ్చు.

1. డీజిల్ నూనె, పెట్రోల్ నూనె ఒకే కుటుంబానికి చెందినవి. భేదం ప్రధానంగా చేర్పుల పాళ్లలోనూ, జరిపిన పరీక్షల్లోనూ ఉంది.

2. 'సి', 'ఎస్' జంట గుర్తులు ఉండి, ఎస్ ప్రమాణం, స్నిగ్ధత గ్రేడు వాహన పుస్తకంలోని నిర్దేశానికి సరిపోతే, ఆ నూనెను నాలుగు స్ట్రోకుల పెట్రోల్ ఇంజన్‌లో వాడవచ్చు. తడి క్లచ్ ఉన్న వాహనాలకు దీనికి తోడు జాసో ఎంఏ తరగతి గుర్తు కూడా ఉండాలి.

3. ఉత్ప్రేరక పరికరం లేని పాత పెట్రోల్ ఇంజన్లకు అటువంటి నూనె మేలు కూడా చేయవచ్చు.

4. రెండు స్ట్రోకుల ఇంజన్లకు, టర్బో పెట్రోల్ కార్లకు, పలుచని నూనె కోరే భారత్ స్టేజ్-6 వాహనాలకు అది తగదు.

5. దారిలో నూనె మట్టం ప్రమాదకరంగా పడిపోయి వేరే నూనె దొరకనప్పుడు, నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను నూనె లేకుండా నడపడం కంటే డీజిల్ నూనె పోసి నిదానంగా ఇంటికి చేరడం మేలు. తరువాత వీలైనంత త్వరగా దానిని మార్చాలి.

డబ్బాపై ఉండే ఈ గుర్తులు సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటి అర్థం తెలియనివారు దుకాణదారుని మాట మీదో, తోటి డ్రైవరు అనుభవం మీదో ఆధారపడవలసి వస్తోంది. ఒక్క ఊరిలో బొగ్గు లారీకి సరైనదే, అదే వీధిలోని స్కూటర్‌కు సరికానిది కావచ్చునన్న విషయం ఆ గుర్తులను చదవగలిగినవారికి మాత్రమే తెలుస్తుంది. వృత్తివిద్యా బోధనలో, ముఖ్యంగా ఐటీఐ, పాలిటెక్నిక్ స్థాయిలో, ఈ ప్రమాణాలను తెలుగులో వివరించే పాఠ్యసామగ్రిని రూపొందించడం భాషా పరిశోధకులు, సాంకేతిక అధ్యాపకులు కలిసి చేయదగిన పని. 'కందెన' అన్న మాటను ఇరుసు నుంచి ఇంజన్ వరకు తీసుకురాగల భాషకు ఇది అసాధ్యం కాదు.